పక్క కుర్చీలో ఎవరు?

2025 డిసెంబర్లో మన దగ్గర పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా జరిగాయి కదా. నామినేషన్లు ఇంకా మొదలుకాక ముందు ఒక రాత్రి, వంటింట్లో పొయ్యి గట్టు తుడిచి పాలు తోడు వేస్తున్నాను, ఫోన్ మోగింది. ఝరాసంగం వైపున్న మా చిన్నమ్మ వాళ్ల ఊరి నుంచి. చేసింది చిన్నమ్మ కోడలు, నాకు మరదలు వరస. ఆ ఊరి సర్పంచ్ పదవి ఈసారి ఆడవాళ్లకు రిజర్వయింది. మా తమ్ముడు నిలబడాలని ఏళ్ల తరబడి అనుకున్న చోట ఇప్పుడు ఆమె నిలబడాల్సి వచ్చింది.

"వదినె, ఉపసర్పంచి కింద ఎవర్ని అనుకోవాలె? నువ్వు కథలు రాస్తవ్ గద, జర చెప్పు" అంది.

కథలు రాసేవాళ్లకు రాజకీయాలు కూడా తెలుస్తాయని ఆమెకు ఎవరు చెప్పారో! జహీరాబాద్‌లో నా కథలు చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా అడిగింది కాబట్టి విన్నాను.

చట్టం ప్రకారమైతే ఆమె అడిగిన ప్రశ్నకు అర్థమే లేదు. సర్పంచ్‌ని మనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటాం, గులాబీ రంగు బ్యాలెట్ మీద. వార్డు మెంబర్లను తెల్ల బ్యాలెట్ మీద. ఉపసర్పంచ్‌కి మనం వేసే బ్యాలెట్టే లేదు. ఆ సాయంత్రం లెక్కింపు అయిపోయాక గెలిచిన మెంబర్లు చేతులెత్తి తమలో ఒకరిని ఎన్నుకుంటారు. సర్పంచ్ అభ్యర్థి ముందుగా "ఈయనే నా ఉపసర్పంచ్" అని చెప్పడానికి లేదు. కానీ ఊళ్లో జరిగేది అది కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పార్టీ గుర్తులు లేవన్న మాటే గాని ఉంగరం ఎవరిదో కత్తెర ఎవరిదో చంటిపిల్లాడు కూడా చెబుతాడు. ప్రచారానికి బయలుదేరే ముందే "పైన నేను, కింద ఫలానావాళ్లు" అని మాట అయిపోతుంది. ఆ రెండో పేరు ఏ కులం, ఏ వాడ అన్న దాన్నిబట్టే సగం ఓట్లు కదులుతాయి.

మా తమ్ముడి మనసులో ఉన్నది వాళ్ల పెదనాయన కొడుకు. సొంత మనిషి, ఖర్చు పెట్టుకోగలడు. మా మరదలి మనసులో ఉన్నది మాత్రం అవతలి వర్గం మనిషి. ఊళ్లో మహిళా సంఘాన్ని చాలా ఏళ్లుగా నడుపుతున్న ఆవిడ. అప్పు కట్టనివాళ్ల ఇంటి ముందు కూర్చుని వసూలు చేసే రకం. పోయినసారి మా తమ్ముడు బలపరిచిన అభ్యర్థిని ఓడించడానికి ఇంటింటికీ తిరిగిందీ ఆవిడే. ఈసారి వార్డు మెంబరుగా నిలబడుతోంది.

నేను వెంటనే "పిచ్చిపని చెయ్యకు" అన్నాను.

నా భయానికి కారణం ఉంది. 2018లో వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ డబ్బు తీయడానికి సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకాలూ కావాలంది. జాయింట్ చెక్ పవర్ అంటే తెలియనివాళ్లు పల్లెల్లో ఎవరూ లేరు. 2019లో గెలిచి 2024 జనవరి ఆఖరుదాకా పదవిలో ఉన్న పాలకవర్గాలు ఈ రెండు సంతకాల మధ్య నలిగిన కథలు ఎన్ని విన్నామని! చిన్నమ్మ వాళ్ల ఊళ్లోనే సర్పంచ్ ఒక వర్గం, ఉపసర్పంచ్ ఇంకో వర్గం. నెలల తరబడి ఆయన సంతకం పెట్టలేదు. మోరీలు తీసే కార్మికులకు జీతాలు ఆగాయి. ట్రాక్టరుకు డీజిలు అప్పు మీద పోయించారు. ఆ కార్మికుల్లో ఒకామె పండగ పూట చిన్నమ్మ దగ్గరికి వచ్చి బియ్యం అడిగి తీసుకుపోయింది. అది నేను కళ్లారా చూశాను. మొగవాళ్ల పంతానికి ఆమె పొయ్యి ఆరింది. అలాంటప్పుడు అవతలివాళ్లను చేతులారా తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుంటానంటే ఎవరైనా ఏమంటారు?

ఆ రాత్రి నిద్ర పట్టక ఈ సంగతే ఆలోచించాను. ఇదేమీ మా ఒక్క పల్లె గొడవ కాదు. అమెరికావాళ్లకు నాలుగేళ్లకోసారి ఇదే తలనొప్పి. అక్కడ అధ్యక్షుడిగా నిలబడేవాడు ఉపాధ్యక్షుడిని తానే ఎంచుకుని, ఇద్దరూ జంటగా ఓట్లడుగుతారు. 2024లో జేడీ వాన్స్‌ని అలా ఎంచుకున్నప్పుడు ఆయన భార్య ఉష పూర్వీకులది పశ్చిమగోదావరి వడ్లూరని మన టీవీలన్నీ ఆ ఊరికి పరుగెత్తాయి గుర్తుందా? ఆ సందడిలో అసలు ప్రశ్న ఎవరికీ పట్టలేదు. ఆ రెండో మనిషి సొంత పార్టీ నుంచే రావాలా, అవతలి పార్టీ నుంచి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకున్నవాళ్లున్నారు. 1864లో, అంతర్యుద్ధం నడుస్తుండగా, అబ్రహాం లింకన్ రెండోసారి నిలబడ్డాడు. ఆయన రిపబ్లికన్. దేశం ఒక్కటిగా ఉందని చూపించడానికి దక్షిణాది డెమోక్రాట్ అయిన ఆండ్రూ జాన్సన్‌ను ఆయనకు జతగా నిలబెట్టారు. గెలిచారు. 1865 ఏప్రిల్లో లింకన్ హత్య జరిగింది. జాన్సన్ అధ్యక్షుడయ్యాడు. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లజాతివాళ్లకు పౌరహక్కులిచ్చే బిల్లును 1866లో ఆయన తిప్పి పంపాడు. పార్లమెంటు ఆయన్ని లెక్కచెయ్యకుండా దాన్ని చట్టం చేసుకోవాల్సి వచ్చింది. 1868లో అభిశంసన దాకా వెళ్లి ఒక్క ఓటుతో పదవి దక్కించుకున్నాడు. జనం లింకన్‌కి వేసిన ఓటు ఎవరి చేతిలో పడిందో చూడండి. నా "పిచ్చిపని చెయ్యకు"కి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

కానీ మన ఇంటి చరిత్ర చూస్తే ఆ వాదన నిలబడదు. 1984లో ఎన్టీ రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చేసరికి ఆయన కుర్చీ కదిలింది. ఆగస్టు 16న ముఖ్యమంత్రి అయిన నాదెండ్ల భాస్కరరావు అవతలి పార్టీ మనిషా? తెలుగుదేశం పుట్టినప్పటి నుంచీ పక్కనున్న సొంత మంత్రి. నెల తిరిగాక సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. పదకొండేళ్లు తిరక్కుండానే, 1995 ఆగస్టులో మళ్లీ కుర్చీ పోయింది. ఈసారి తీసుకున్నది అల్లుడు. దాని తప్పొప్పులు ఎవరి లెక్క వాళ్లకుంది, నేను తీర్పు చెప్పను. ఒకే పార్టీ అయితే భద్రం, ఒకే ఇల్లయితే మరీ భద్రం అనుకోవడం మాత్రం ఉత్తమాట. పెదనాయన కొడుకు అయినంత మాత్రాన సంతకం పెడతాడని మా తమ్ముడికి ఎవరు హామీ ఇచ్చారు? పొలం గట్టు దగ్గర వాళ్లిద్దరి మధ్య నడిచిన పంచాయితీ నాకు తెలియదా!

ఇక అవతలివాణ్ని పక్కన పెట్టుకున్నా కొంప మునగలేదనడానికీ మన తెలుగువాళ్ల కథే ఉంది. కోనసీమ నుంచి గెలిచిన జీఎంసీ బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యారు. ఆయన తెలుగుదేశం, కేంద్రంలో ఉన్నది వాజ్‌పేయి ప్రభుత్వం. డిప్యూటీ స్పీకర్ కాంగ్రెస్ నాయకుడు పీఎం సయీద్. ఇది ఎవరో ఒకరి మంచితనం వల్ల జరిగిందీ కాదు. స్పీకర్ ఒక పక్షం నుంచి ఉంటే డిప్యూటీ స్పీకర్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఎన్నాళ్లుగానో ఉన్న ఆనవాయితీ. 2002 మార్చి 3న బాలయోగి హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ వార్త విని మా అమ్మ కన్నీళ్లు పెట్టుకోవడం నాకు గుర్తు. మే నెలలో మనోహర్ జోషి ఎన్నికయ్యేదాకా ఆ బాధ్యతలు చూసింది సయీదే. లింకన్ పోయినప్పుడు అక్కడ జరిగినట్టు ఇక్కడేమీ తలకిందులు కాలేదు. ఎందుకంటారు? స్పీకర్ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రాసిపెట్టి ఉంది. ఎవరు కూర్చున్నా ఆ పుస్తకమే. జాన్సన్‌కి అలాంటి పుస్తకం లేదు. లింకన్ ఆశయం లింకన్‌తోనే పోయింది.

ఆ మంచి ఆనవాయితీని మనం ఎలా చూసుకున్నామో కూడా చెప్పాలి. 2019 నుంచి 2024 దాకా నడిచిన పదిహేడో లోక్‌సభ మొదటి నుంచి చివరిదాకా డిప్యూటీ స్పీకర్ లేకుండానే గడిచిపోయింది. ప్రతిపక్షానికి ఇవ్వడం ఇష్టం లేకపోతే కుర్చీనే ఖాళీగా ఉంచేశారు!

తెల్లవారి పదింటికి నేనే ఫోన్ చేశాను. పోయినసారి ఆయన సంతకం ఆపిన సంగతి మళ్లీ ఎత్తాను. మా మరదలు పదో తరగతితో చదువు ఆపేసిన పిల్ల. డిగ్రీ చదివిన నాకు తట్టని మాట అంది.

"ఆయన అవతలోడని ఆపలే వదినె. మోరీ పని ఎక్కడ జేస్తున్నరో, ఎంత అయితదో ఆయనకెవ్వరు చెప్పలే. చెక్కు దెచ్చి ముంగటేసి సంతకం జెయ్యమన్నరు. నేనైనా ఆపుదు."

అవును కదా! మనింట్లో చూడండి. అత్తగారో ఆడబిడ్డో ఎప్పుడు ముఖం ముడుచుకుంటారు? పెళ్లి మాటలన్నీ అయిపోయి, ముహూర్తం పెట్టేసి, చివర "నువ్వు కూడా ఒక మాట చెప్పు" అన్నప్పుడు. ముందే పిలిచి కూర్చోబెడితే అంతో ఇంతో గొణిగినా పెళ్లి పనుల్లో చెయ్యేస్తారు. సంతకం ఒక్కటే అడిగితే ఎవరికైనా దాన్ని ఆపబుద్ధే అవుతుంది. మనిషికి ఇచ్చిన పని అదొక్కటే అయినప్పుడు తన విలువ చూపించుకోవడానికి ఇంకో దారేముంది?

అలా నా అభిప్రాయం మారింది. పూర్తిగా మారిందని చెప్పను. అవతలి పక్షం మనిషిని తోడు తెచ్చుకోవచ్చు, కొన్నిచోట్ల తెచ్చుకోవాలి కూడా. కానీ ఎప్పుడు తెచ్చుకున్నారన్న దాన్ని బట్టే నేను దానికి పేరు పెడతాను. ఓటేసేవాళ్లకు ముందే చెప్పి తెచ్చుకుంటే అది తోడు. ఓట్లు పడ్డాక తెచ్చుకుంటే అది ఫిరాయింపు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది చూడండి. 2023 సెప్టెంబర్ 14న రాజమండ్రి జైలు బయట నిలబడి పవన్ కల్యాణ్ తెలుగుదేశంతో కలిసి పోటీ చేస్తామని లోకమంతటికీ చెప్పారు. ఎవరు ఎవరితో ఉన్నారో తెలిసే జనం ఓటేశారు. 175లో తెలుగుదేశానికి ఒంటరిగానే 135 వచ్చాయి. జనసేన 21 లేకపోయినా ప్రభుత్వం నిలబడేది. అయినా ఇచ్చిన మాట ప్రకారం ఉపముఖ్యమంత్రి పదవి ఇచ్చారు, పంచాయతీరాజ్ శాఖ కూడా చేతిలో పెట్టారు. ఆ ప్రభుత్వం మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి, ఆ వాదన మీ ఇంట్లోనూ రోజూ జరుగుతూనే ఉంటుంది. నేను చూసిందల్లా ఒకటే. కుర్చీతో పాటు పని కూడా ఇచ్చారా లేదా అని.

మన వైపు 2023 ఎన్నికల తర్వాత జరిగింది రెండో రకం. బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన పదిమంది ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లారని కేసు సుప్రీంకోర్టు దాకా పోతే, 2025 జులై 31న కోర్టు మూడు నెలల్లో తేల్చమని స్పీకర్‌కు చెప్పింది. 2014 తర్వాతా, 2018 తర్వాతా ఇదే తంతు అటువైపు నుంచి ఇటు నడిచిందని మరిచిపోకూడదు. వీళ్లెవరూ ఓటు అడగడానికి వచ్చినప్పుడు మనకు ఆ మాట చెప్పలేదు. మా జహీరాబాద్‌లోనే బీబీ పాటిల్ 2014లో, 2019లో టీఆర్ఎస్ ఎంపీ, 2024లో బీజేపీ అభ్యర్థి. ఆయన మాత్రం ఎన్నికల ముందే పార్టీ మారి, కొత్త గుర్తుతో వచ్చి ఓటడిగారు. ఓటర్లు కాంగ్రెస్ అభ్యర్థి సురేశ్ షెట్కార్‌ను గెలిపించారు. ఓడినా గెలిచినా, జనాన్ని అడిగి మారడం ఒక పద్ధతి.

ఇంకో రకం ఎంపిక ఉంది, దాని గురించి ఆడవాళ్లం మనం కాస్త గట్టిగా మాట్లాడుకోవాలి. 2008లో అమెరికాలో రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కు తన స్నేహితుడు జో లీబర్‌మన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా పెట్టుకోవాలని ఉండేది. ఆ లీబర్‌మన్ 2000లో అవతలి పార్టీ తరఫున అదే పదవికి పోటీ చేసిన మనిషి. సొంత పార్టీవాళ్లు ఒప్పుకోరని సలహాదారులు భయపెట్టారు. చివరికి దేశానికి పెద్దగా తెలియని సారా పాలిన్‌ను తెచ్చారు. ఆడవాళ్ల ఓట్లు పడతాయన్న లెక్క కూడా అందులో ఉందని అప్పుడంతా అనుకున్నారు. ఓడిపోయారు. లీబర్‌మన్‌ను పెట్టుకోకపోవడం పొరపాటేనని 2018లో, తన చివరి రోజుల్లో మెకెయిన్ చెప్పుకున్నారు. స్నేహితుడి పట్ల ఆ పశ్చాత్తాపం బాగానే ఉంది. ఓట్ల లెక్క కోసం ఆడమనిషిని తెచ్చి, సరిగా తయారుకాకుండానే జనం ముందు నిలబెట్టి, నవ్వులపాలయ్యాక అందరూ ఆమెనే తప్పుపట్టడం గురించి ఎవరు పశ్చాత్తాపపడ్డారు?

మన ఊళ్లలో ఇది మరీ పాత పద్ధతి. రెండు వర్గాలకు కయ్యమైతే పిల్లనిచ్చి వియ్యమందేవాళ్లు. కయ్యం ఆగిందో లేదో గాని ఆ పిల్ల బతుకంతా రెండు ఇళ్ల మధ్య నలిగేది. సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రిజర్వయితే భర్త పేరుకు ముందు "సర్పంచ్" అని ఫ్లెక్సీ వేసుకునే ఊళ్లు ఎన్ని లేవు? అలాంటి చోట అవతలి వర్గం నుంచి ఇంకో ఆడమనిషిని ఉపసర్పంచ్‌గా తెచ్చారనుకోండి, ఇద్దరు మొగుళ్లు చెట్టు కింద కూర్చుని చేసుకున్న రాజీకి ఇద్దరు ఆడవాళ్లు వేలిముద్రలవుతారు. అందుకే మా మరదల్ని ఒకటే అడిగాను. "ఆమెతో నువ్వు మాట్లాడినవా, మా తమ్ముడు మాట్లాడిండా?"

"నేనే మాట్లాడిన. చెలిమె కాడ కాదు, వాళ్లింటికే పోయిన" అంది. అవతలి ఇంటి గడప తొక్కడమంటే ఆ ఊళ్లో ఎంత మాటో ఊరివాళ్లకే తెలుస్తుంది.

"మరి ప్రశ్నించేవాళ్లెవరు? అందరూ ఒక్కటైపోతే తిన్నది అడిగేవాడుండడు" అన్నారు మావారు, ఈ మాటలన్నీ వింటూ పేపర్ వెనక నుంచి. తీసిపారేసే మాట కాదు. సర్పంచ్ పదవిని వేలం వేసి ఏకగ్రీవం చేశారన్న వార్తలు 2019లోనూ చదివాం, 2025లోనూ చదివాం. అందరూ కలిసిపోయారంటే నాకు ముందు భయమే వేస్తుంది. కానీ మా మరదలు అందరినీ కలుపుకోలేదు. అవతలి వర్గం అవతలే ఉంది, వాళ్ల మెంబర్లు వాళ్లకున్నారు, రేపు ప్రశ్నించడానికి నోళ్లున్నాయి. ఒక్క మనిషిని, లెక్క చూడటం తెలిసిన మనిషిని, లెక్క దగ్గర కూర్చోబెట్టుకుంది. సొంతవాడు కళ్లు మూసుకుని సంతకం పెట్టే ప్రమాదం ఉంది. ఆవిడ మాత్రం ప్రతి కాగితం తిరగేసి చూస్తుంది. నిజం చెప్పాలంటే నిజాయితీగా పని చెయ్యాలనుకునే సర్పంచ్‌కి అంతకన్నా కాపలా ఏముంది?

2025 సెప్టెంబర్ 9న ఉపరాష్ట్రపతి ఎన్నిక జరిగినప్పుడు కూడా మన ఇళ్లలో చర్చ నడిచింది. ప్రతిపక్షాలు నిలబెట్టిన జస్టిస్ సుదర్శన్ రెడ్డి రంగారెడ్డి జిల్లా మనిషి, తెలుగువాడు, పార్టీలు పక్కనపెట్టి ఓటేయాలి కదా అని. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్ సీపీ రాధాకృష్ణన్ వైపు ఉన్నాయి. బీఆర్ఎస్ ఓటింగుకే రాలేదు. 452 – 300. భాష కలిసినంత మాత్రాన గీత దాటరని తేలింది. దాటాలని నేనూ అనను. మనవాడు కాబట్టి అనడానికీ, పని తెలిసినవాడు కాబట్టి అనడానికీ చాలా తేడా ఉంది. పెదనాయన కొడుకును పెడదామన్న మా తమ్ముడి వాదనా "మనవాడు" అన్నదే కదా!

మా మరదలు గెలిచింది, పెద్ద మెజారిటీ ఏమీ కాదు. ఆ సాయంత్రం చేతులెత్తే వేళకు సొంత మెంబర్లలో ఇద్దరు ఎత్తలేదట. పెదనాయన కొడుకు బయటికి లేచిపోయాడట. అయినా సంఘం ఆవిడ ఉపసర్పంచ్ అయింది. మా తమ్ముడు పది రోజులు పెళ్లాంతో సరిగా మాట్లాడలేదని చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. "మాట్లాడకుంటే మాట్లాడకపాయె, బువ్వ తింటుండు గద" అని కూడా అంది.

సంక్రాంతికి ఆ ఊరు వెళ్లాను. పంచాయతీ ఆఫీసులో ముందు వరసలో ఒక్కటే కుర్చీ ఉండేదట, మా మరదలు బడి నుంచి ఇంకోటి తెప్పించి పక్కన వేయించింది. ఇద్దరికీ అప్పుడే ఒక గొడవైంది. మోరీ ముందు ఏ వాడ నుంచి మొదలుపెట్టాలన్న దాని మీద. ఆవిడ తన వాడ అంటుంది, ఈమె తన వాడ అంటుంది. నేను వెళ్లేసరికి రెండు రోజులుగా మాటల్లేవు. కొలతల కాగితం మాత్రం ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది. ఆవిడ అద్దాలు పెట్టుకుని దాన్ని మూడోసారి చదువుతోంది, మా మరదలు నాకు చాయ్ పోయించే నెపంతో ఇంకో గ్లాసు ఆవిడ ముందు పెట్టింది.